వెబ్‌సైటు ముస్తాబు కన్నా ముందు బిల్లు, పార్సిలు చూసుకోవాలి

సంపాదకులకు,

అయ్యా,

చిన్న వ్యాపారులు ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టాలని ప్రోత్సహిస్తూ మీ వాణిజ్య పుటలో తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. ఉద్దేశం మంచిదే. అయితే వెబ్‌సైటు ఎలా కనిపించాలి, దానికి ప్రచారం ఎలా చేసుకోవాలి అన్న విషయాలకు వాటిలో దక్కుతున్న చోటు, ఆర్డరు వచ్చిన తరువాత దుకాణంలో జరగవలసిన పనికి దక్కడం లేదు. విజయవాడలో చిన్న వ్యాపారుల లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే వృత్తిలో ఉన్నవాడిని కనుక, ఆన్‌లైన్ దుకాణాల వెనకవైపు రోజూ నా కంటబడుతుంది. ఆ వైపు నుంచి కొన్ని మాటలు మీ పాఠకులతో పంచుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చేవారు వ్యాపారి ముందు పెట్టే కొటేషన్లలో కదిలే బొమ్మలు, చాట్ పెట్టె, విష్‌లిస్టు, కొనుగోలుదారుల సమీక్షలు, సొంత మొబైల్ యాప్ వంటివి వరుసగా ఉంటాయి. బిల్లు ఏ రూపంలో వస్తుంది, రవాణా ఖర్చు ఎలా లెక్క కడుతుంది, సరుకు తిరిగి వస్తే పద్దు ఎలా సరిచేస్తారు అన్న సంగతులు సాధారణంగా ఉండవు. వ్యాపారి కూడా అడగడు, ఎందుకంటే సాఫ్ట్‌వేరు అన్నాక బిల్లు దానంతట అదే సరిగ్గా వస్తుందని ఆయన నమ్మకం. నా అనుభవంలో చిక్కులన్నీ అక్కడి నుంచే మొదలవుతున్నాయి.

పన్ను సంగతే చూడండి. 2014 జూన్ 2కు ముందు విజయవాడ దుకాణానికి హైదరాబాదు కొనుగోలుదారు సొంత రాష్ట్రంవాడు, ఇప్పుడు పొరుగు రాష్ట్రంవాడు. గుంటూరుకు పంపిన చీరకు బిల్లులో సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ), ఎస్‌జీఎస్టీ (రాష్ట్ర జీఎస్టీ) అని పన్ను రెండు భాగాలుగా కనిపించాలి, హైదరాబాదుకు పంపిన చీరకు ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై జీఎస్టీ) అని ఒకటిగా కనిపించాలి. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు డబ్బు కట్టి, గుంటూరులో ఉన్న తల్లికి చీర పంపించమన్నాడనుకోండి. అటువంటి ఆర్డర్లలో సరుకు అందే చిరునామానే ప్రమాణంగా తీసుకోవాలని 2024 జూన్‌లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ద్వారా స్పష్టం చేసింది. అంటే ఆ బిల్లుకు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేయాలి. వూకామర్స్ అనే ఆన్‌లైన్ దుకాణ సాఫ్ట్‌వేరులో పన్నును ఏ చిరునామా ఆధారంగా లెక్కించాలో ఎంచుకునే మీట ఉంది. దానిని బిల్లింగ్ చిరునామాకు, అంటే డబ్బు కట్టినవారి చిరునామాకు, పెట్టి వదిలేస్తే ఇటువంటి ప్రతి ఆర్డరుకూ పన్ను తప్పు పద్దులో పడుతుంది, నెలాఖరున వాటిని ఒక్కొక్కటిగా ఏరి సరిదిద్దుకోవలసి వస్తుంది. అసలు కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాలపై నిర్ణీత శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్న వ్యాపారి వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదన్న నియమం చాలామందికి వెబ్‌సైటు మొదలయ్యాక గాని తెలియడం లేదు. కొన్ని చేతివృత్తుల సరుకులకు ఉన్న మినహాయింపును అటుంచితే, రిజిస్ట్రేషన్ లేనివారు కూడా అంతర్రాష్ట్ర అమ్మకాలు చేయరాదు. కాబట్టి సాఫ్ట్‌వేరు ఏదైనా, ఫలానా రాష్ట్రం నుంచి వచ్చే ఆర్డర్లను నిలిపివేసే వీలు అందులో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

విదేశాల్లో తయారైన సాఫ్ట్‌వేర్లలో మరొక ఇబ్బంది ఉంది. అమెరికాలో ధర వేరు, దానిపై పన్ను వేరు. అక్కడి అలవాటు ప్రకారం చివరి పేజీలో పన్ను కలిసి మొత్తం పెరుగుతుంది. మన దగ్గర ప్యాకెట్టు మీద వేసిన ఎమ్మార్పీలోనే పన్ను కలిసి ఉంటుంది, దానికి పైన వసూలు చేయడం నేరం. ధరలు పన్నుతో కలిపినవే అని సాఫ్ట్‌వేరుకు ముందే చెప్పకపోతే ఆవకాయ సీసా ధర ఎమ్మార్పీని దాటిపోతుంది. బిల్లు సంఖ్య విషయమూ ఇటువంటిదే. పన్ను బిల్లుకు ఆర్థిక సంవత్సరంలో వరుస తప్పని సంఖ్య ఉండాలి, అది 16 అక్షరాలకు మించకూడదు. ఆన్‌లైన్ దుకాణంలో డబ్బు కట్టకుండా మధ్యలో ఆగిపోయిన ఆర్డర్లు కూడా సంఖ్యలను తినేస్తాయి కనుక, ఆర్డరు సంఖ్యనే బిల్లు సంఖ్యగా వాడుకుంటే వరుసలో ఖాళీలు వస్తాయి. బిల్లులకు వేరే వరుస ఇచ్చే వీలు ఉందా అని ముందే అడగడం మేలు.

ఇక పార్సిలు. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేస్తారు, తేలికగా ఉంటాయి. కాని అవి విరగకుండా చేరాలంటే చుట్టూ మెత్తని సామగ్రి పెట్టి పెద్ద పెట్టెలో సర్దాలి. కొరియర్ సంస్థలు అసలు బరువును, పెట్టె కొలతలను బట్టి వచ్చే బరువును పోల్చి ఎక్కువైనదానికి రుసుము తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగించడం వారిలో ఎక్కువమంది పాటించే పద్ధతి. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టె ఈ లెక్కన 7.2 కిలోలు అవుతుంది, లోపలి బొమ్మలు కిలోన్నరే ఉన్నా సరే. సాఫ్ట్‌వేరు అసలు బరువును మాత్రమే చూసి కొనుగోలుదారు దగ్గర కిలోన్నరకు రవాణా ఖర్చు వసూలు చేస్తే, మిగిలిన తేడా వ్యాపారి లాభం నుంచే పోతుంది. పచ్చళ్లవారి ఇబ్బంది ఇందుకు తిరగబడి ఉంటుంది. సీసా చిన్నది, బరువు ఎక్కువ. అందువల్ల ప్రతి సరుకుకూ బరువుతో పాటు పెట్టె కొలతలు నమోదు చేసుకునే గడులు ఉన్నాయా, కొరియర్ సంస్థ రేటు అప్పటికప్పుడు తెచ్చి చూపిస్తుందా అన్న రెండు ప్రశ్నలు సమీక్షల పేజీ కన్నా ఎన్నో రెట్లు విలువైనవి. అమెరికాలోని మనవాళ్లకు పంపే పార్సిళ్ల మీద ఆశతో 'అంతర్జాతీయ రవాణా' అన్న హంగుకు అదనంగా డబ్బు కట్టేవారు, 800 డాలర్ల లోపు సరుకుకు ఉండిన సుంకం మినహాయింపును ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేసిందని గుర్తుంచుకుని, సుంకాన్ని సాఫ్ట్‌వేరు ఆర్డరు సమయంలోనే లెక్కగట్టి చూపించగలదా అని కూడా అడగాలి.

చేనేత వ్యాపారుల అవసరం మరొక తీరుది. మంగళగిరి చీరల దుకాణంలో ఒక్కో రంగు కలయికకు ఒక్కటే చీర ఉండడం మామూలు. అది ఉదయం దుకాణంలో అమ్ముడుపోతుంది, మధ్యాహ్నం అదే చీరకు వెబ్‌సైటులో ఎవరో డబ్బు కట్టేస్తారు. ఆ డబ్బు వెనక్కి పంపడం, క్షమాపణ చెప్పడం, బిల్లు రద్దు చేయడం అన్నీ పని పెంచేవే. దుకాణంలో బిల్లు వేసే సాఫ్ట్‌వేరూ ఆన్‌లైన్ దుకాణమూ ఒకే నిల్వ పద్దును చూస్తున్నాయా అన్నదే ఈ వ్యాపారులు మొదట తేల్చుకోవలసిన విషయం. రెండింటినీ కలిపే వీలు లేకపోతే, వెబ్‌సైటులో పెట్టిన చీరలను దుకాణంలో వేరే బీరువాలో ఉంచుకోవడం ఒక్కటే మార్గం. చెప్పడానికి ఇది మోటుగా ఉన్నా, ఖరీదైన అనుసంధానం కన్నా బాగా పనిచేయడం చూశాను.

డబ్బు వసూలులో చాలామంది గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులను వ్యాపారికి చేర్చే సేవ) రుసుమునే చూస్తారు. కార్డు చెల్లింపులకు అది సుమారు 2 శాతం, ఆ రుసుము మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. యూపీఐపై మర్చంట్ డిస్కౌంట్ రేటును, అంటే చెల్లింపు తీసుకున్నందుకు వ్యాపారి కట్టే రుసుమును, 2020 జనవరి నుంచి సున్నా చేసినా, గేట్‌వేలు తమ సేవకు వేరే పేరుతో తీసుకునేది ఉండవచ్చు కనుక ఒప్పందం చదువుకోవాలి. కొనుగోలుదారుల కార్డు వివరాలు మన సైటులోనే భద్రపరుస్తామని ఎవరైనా ఒక హంగుగా చెబితే వారిని అక్కడికక్కడే వదులుకోవచ్చు, ఎందుకంటే రిజర్వు బ్యాంకు 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు ఆ పని చేయడాన్ని నిషేధించింది. అసలు నష్టం క్యాష్ ఆన్ డెలివరీలో దాగి ఉంటుంది. తలుపు దగ్గర వద్దన్న పార్సిలుకు రానూపోనూ ఖర్చు వ్యాపారిదే. పిన్‌కోడును బట్టి, బిల్లు మొత్తాన్ని బట్టి ఆ సదుపాయాన్ని పరిమితం చేయగలగడం, ఓటీపీతో ఆర్డరును ధ్రువీకరించుకోవడం, ఈ రెండూ చూడడానికి చిన్నవే అయినా నెలాఖరు లెక్కలో స్పష్టంగా కనిపిస్తాయి.

ఇవన్నీ తేలాక గాని ఏ సాఫ్ట్‌వేరు అన్న ప్రశ్న వేసుకోకూడదని నా అభిప్రాయం. షాపిఫై వంటిది అద్దె పద్ధతిలో నడుస్తుంది. నెలనెలా కడితే సర్వరు, భద్రత, మరమ్మతులు వారే చూసుకుంటారు. కాని మన దేశంలో ఆ సంస్థ సొంత చెల్లింపు సేవ లేదు కనుక, గేట్‌వే తీసుకునేదానికి అదనంగా ప్రాథమిక పథకంలో ప్రతి అమ్మకం మీద 2 శాతం వారికీ చెల్లుతుంది. లాభం పలచగా ఉండే కిరాణా, పచ్చళ్ల వంటి వ్యాపారాలలో ఇది చిన్న మొత్తం కాదు. వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్ల తయారీ సాఫ్ట్‌వేరు) మీద నడిచే వూకామర్స్ ఉచితం, అయితే హోస్టింగ్ (సైటును ఉంచే సర్వరు అద్దె), ప్లగిన్ల (అదనపు సదుపాయాల) చందాలు, నవీకరణలు చేసే మనిషి ఉచితం కాదు. చూసేవారు లేక నవీకరణలు ఆగిపోయిన సైటు ఎప్పుడో ఒకప్పుడు హ్యాకర్ల పాలవుతుంది. మెజెంటో అనే మరో దుకాణ సాఫ్ట్‌వేరు మొదటి తరానికి 2020 జూన్‌తో మద్దతు ఆగిపోయినప్పుడు, దానిమీద కట్టుకున్న దుకాణాలు రెండోసారి ఖర్చు పెట్టి వేరే చోటికి మారవలసి వచ్చింది. చిన్న వ్యాపారికి అంత బరువైన సాఫ్ట్‌వేరు మొదటే అక్కర్లేదు. రోజుకు నాలుగైదు ఆర్డర్లు కూడా దాటనివారికి వాట్సాప్ బిజినెస్‌లోని క్యాటలాగు, ఒక యూపీఐ క్యూఆర్ కోడు, చేతితో వేసిన సరైన బిల్లు సరిపోతాయి. వెబ్‌సైటు లేనంత మాత్రాన వ్యాపారం చిన్నబోదు.

ఏది ఎంచుకున్నా డొమైను (సైటు చిరునామా) ఎవరి పేరున నమోదైందో వ్యాపారి తన కళ్లతో చూసుకోవాలి. నేను లెక్కలు చూసే ఒక వ్యాపారి సైటు డొమైను, దానిని తయారుచేసినవారి ఖాతాలో ఉండిపోయింది. ఇద్దరి మధ్య మాట తేడా వచ్చేసరికి సైటు ఆగిపోయింది, పార్సిలు పెట్టెల మీద అచ్చు వేయించిన చిరునామా ఎందుకూ పనికిరాకుండా పోయింది. డొమైను, హోస్టింగ్, గేట్‌వే, ఈ మూడు ఖాతాలూ వ్యాపారి సొంత ఈమెయిలుతో, సొంత ఫోను నంబరుతో తెరవాలి. సరుకుల జాబితా, కొనుగోలుదారుల వివరాలు, ఆర్డర్ల చరిత్ర మామూలు ఎక్సెల్ రూపంలో బయటకు తీసుకునే వీలు ఉండాలి. ఆ వీలు ఉంటే రేపు సాఫ్ట్‌వేరు మార్చుకోవడం కొన్ని రోజుల పని, లేకపోతే మళ్లీ మొదటి నుంచి రాసుకోవడమే. (సైటు చిరునామాకు ముందు https అని రావడానికి కావలసిన భద్రతా ధ్రువపత్రానికి ఏటా వేల రూపాయలు బిల్లు వేసేవారున్నారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఆ ధ్రువపత్రాన్ని ఉచితంగా ఇస్తుంది.)

తెలుగు గురించి ఒక మాట. మన ఊళ్లలోని డీటీపీ కేంద్రాలలో 'అను' అనే పాత రకం ఫాంట్లతో టైపు చేసిన సరుకుల వివరాలను ఉన్నపళంగా సైటులో అతికిస్తే అర్థంలేని గీతలే కనిపిస్తాయి. అందుకని కొందరు ఆ వివరాలను బొమ్మలుగా మార్చి పెడుతున్నారు, దానితో గూగుల్‌లో వెతికేవారికి ఆ సరుకు కనబడడం కష్టం. మొత్తాన్ని యూనికోడులోకి (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదవగలిగే అక్షర పద్ధతిలోకి) మార్చి ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి. సైటులోని వెతుకులాట పెట్టె 'ఆవకాయ' అన్నా, ఇంగ్లీషు లిపిలో రెండు మూడు వర్ణక్రమాలతో రాసినా ఒకే సీసాను చూపిస్తుందో లేదో డబ్బు కట్టే ముందు పరీక్షించి చూడవచ్చు.

వినియోగదారుల పరిరక్షణ (ఇ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం వ్యాపార సంస్థ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు సైటులో కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటలలో తెలియజేసి, నెల రోజులలో పరిష్కరించాలి. ప్యాకెట్టు సరుకుల తయారీదారు పేరు, నికర పరిమాణం, ఎమ్మార్పీ వంటి వివరాలను వెబ్‌సైటులోనూ చూపాలన్న తూనికలు కొలతల నియమం 2018 జనవరి 1 నుంచి అమలులో ఉంది. ఈ గడులు లేకుండా సైటును అప్పగించేవారు పని పూర్తిచేసినట్టు కాదు.

రెండు రాష్ట్రాల పరిశ్రమల శాఖలు, చేనేత, హస్తకళల సంస్థలు చిన్న వ్యాపారులకు శిక్షణ ఇచ్చేటప్పుడు, డిజిటల్ మార్కెటింగ్ పాఠాలతో పాటు వెబ్‌సైటు తయారీకి ఒక నమూనా ఒప్పందాన్ని తెలుగులో అచ్చువేసి పంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. డొమైను యాజమాన్యం, వివరాలు బయటకు తీసుకునే హక్కు, పన్ను బిల్లు రూపం, రవాణా లెక్క, మొదటి ఏడాది తరువాత ఏటా అయ్యే ఖర్చు అందులో తప్పక ఉండాలి. అంతవరకు ఆగడం ఎందుకనుకుంటే, మీ వాణిజ్య పుటలోనే ఒక ఆదివారం ఆ నమూనాను ప్రచురించవచ్చు. జీఎస్టీకి సంబంధించిన భాగం రాసి ఇవ్వడానికి నేను సిద్ధం.

భవదీయుడు,
ఒక పన్నుల సలహాదారు,
విజయవాడ