ఆకాశం మార్చారా లేదా, ఫోటో కింద రాయండి

ఎడిటర్ గారికి,

పాఠకులు పంపే ప్రకృతి ఫోటోల పేజీని నేను ఎప్పుడూ వదలను. మొన్న ఒక పాఠకుడు, ఎడిట్ చేసిన ఫోటోలు అసలు వేయకండి, కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టే వేయండి అని రాశారు. ఆయన బాధ నాకు అర్థమైంది కానీ మందు మాత్రం అది కాదు. సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని కొండలు, సరస్సులు తిరిగేవాణ్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

డిజిటల్ కెమెరాలో "వచ్చింది వచ్చినట్టు" అనేదే లేదండీ. జేపెగ్‌లో తీస్తే రంగులు, కాంట్రాస్టు, షార్ప్‌నెస్ అన్నీ కెమెరానే సర్దేసి, మిగతా సమాచారం పారేసి ఇస్తుంది. ఒక్కో రంగుకి 256 స్థాయిలే మిగులుతాయి, అదే కెమెరా ఏమీ సర్దకుండా సెన్సర్ పట్టినదంతా దాచి ఇచ్చే 14 బిట్ రా (RAW) ఫైలైతే 16,384. సూర్యోదయానికి ముందు ఒక లోయని జేపెగ్‌లో తీసి, ఇంటికొచ్చి వెలుగు పెంచి చూస్తే నున్నగా ఉండాల్సిన ఆకాశం మెట్లు మెట్లుగా చారలు పడిపోయింది, అప్పుడు గానీ ఈ లెక్క నాకు తలకెక్కలేదు. అప్పటి నుంచి రాలోనే తీస్తున్నాను. ఆకాశం తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజర్, అంటే సెన్సర్ మీద పడే వెలుగు, కాస్త తగ్గించి తీసి, నేల మీది నీడల్ని తర్వాత పైకి తెచ్చుకుంటాను. మన కన్ను వెలుగునీ నీడనీ ఒకేసారి చూడగలిగినంతగా సెన్సర్ చూడలేదు కాబట్టి ఇది మోసం కాదు, అక్కడ నిలబడి చూసినదానికి ఫోటోని దగ్గర చేయడమే. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన చంద్రోదయం ఫోటోని కూడా ఏళ్ల తరబడి డార్క్‌రూమ్‌లో మళ్లీ మళ్లీ ప్రింట్ చేస్తూ ఆకాశాన్ని దాదాపు నల్లగా చేశారు.

కానీ నేను చేసిన ఇంకో పని వేరు. ఒక సరస్సు దగ్గర రెండు సాయంత్రాలు కాచుకున్నా మబ్బు విడవలేదు. 2020లో ఫోటోషాప్‌లోకి ఆకాశాన్ని మార్చే సదుపాయం వచ్చింది కదా, దానితో ఎర్రటి సంధ్య పెట్టేసి తెలిసినవాళ్లకి పంపాను. అందరూ మెచ్చుకున్నారు. ఒకాయన మాత్రం, ఏ నెలలో వెళ్తే ఇలాంటి ఆకాశం దొరుకుతుంది, పిల్లల్ని తీసుకెళ్తాను అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. నిజం చెప్పేసి ఆ ఫోటో చెరిపేశాను. తర్వాత అసలు ఫైలు తెరిచి చూస్తే రాళ్లకి నీడ లేదు, నీళ్లలో బూడిదరంగు తప్ప ఏమీ లేదు, అంత స్పష్టంగా ఉన్నా ఎవరూ పట్టుకోలేదు. విచిత్రంగా ఆ మబ్బు వెలుగులోనే తడి రాళ్ల మీది నాచు రంగు బాగా తేలింది, సంధ్య మోజులో నేనే దాన్ని చూడలేదు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1850ల్లోనే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక నెగెటివ్ నుంచి, ఆకాశాన్ని ఇంకో నెగెటివ్ నుంచి కలిపి ప్రింట్ చేశారు, అప్పటి నెగెటివ్‌లకి రెండూ ఒకేసారి సరిగా దక్కేవి కావు. నేషనల్ జియోగ్రాఫిక్ 1982 ఫిబ్రవరి కవర్ మీద నిలువు బొమ్మలో ఇమడాలని గిజా పిరమిడ్లని దగ్గరికి జరిపి విమర్శలు ఎదుర్కొంది.

అందుకని నేను అడిగేది ఒక్కటే. ఫోటో కింద ఊరి పేరుతో పాటు ఇంకో లైను వేయండి: వేర్వేరు వెలుగుతో తీసిన ఎక్స్‌పోజర్లు కలిపారా, ఏదైనా తీసేశారా, లేనిది చేర్చారా. అనుమానం వస్తే రా ఫైలు అడగండి, పత్రికా ఫోటోల వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలోనూ చివరి దశల్లో అసలు ఫైళ్లు అడిగి పోల్చి చూస్తారు. ఆకాశం మార్చిన ఫోటోలు వేయొద్దని అనను, వాటికి వేరే మూల కేటాయించండి, ఎందుకంటే ఆ పేజీ చూసి బ్యాగు సర్దుకునేవాళ్లు ఉన్నారు.

ఆ సరస్సు ఫోటో కూడా పంపుతున్నాను, మబ్బుతోనే. కింద వేయాల్సిన లైను: మూడు ఎక్స్‌పోజర్లు కలిపాను, చీకటి భాగాల్లో వెలుగు పెంచాను, కుడి మూలన కరెంటు తీగ ఉంది, తీయలేదు.

మీ పాఠకుడు