లష్కర్‌లో శిక్ష పడిన ఒక సైనికుడి కాగితాల కోసం: కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

నేను సికిందరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ ఊరిని ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. పెళ్లి చేసుకుని ఆస్ట్రేలియాలో టాస్మేనియా దీవికి వచ్చాను. హోబర్ట్‌లో ఉంటున్నాం. మా వారిది ఈ దీవి కుటుంబమే. ఈ ఉత్తరం మా అత్తగారి తరఫున రాస్తున్నాను. ఆవిడకు ఎనభై దాటాయి. తెలుగు రాదు కాబట్టి ఒక్కో వాక్యం చదివి, అర్థం చెప్పి, ఆవిడ సరే అన్నాకే పంపుతున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఆవిడ నా ముందు ఒక కాగితం పెట్టారు. ఆవిడ ముత్తాతకు తండ్రి అయిన మనిషి తాలూకు ఖైదీ రికార్డు అది. 1840లలో రాసింది. ఎత్తు, వయసు, కళ్ల రంగు, మతం, చదవడం వచ్చా రాదా, అన్నీ ఉన్నాయి. "విచారణ జరిగిన ఊరు పేరు చదవలేకపోతున్నానమ్మా, ఇండియాలో ఊరంటున్నారు, నీకేమైనా తెలుస్తుందేమో చూడు" అన్నారు. గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసేశాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. సికిందరాబాద్. కోర్టు మార్షల్. నేను చిన్నప్పుడు పరేడ్ గ్రౌండ్ పక్క నుంచి రోజూ బడికి వెళ్లేదాన్ని. "అత్తయ్యా, ఇది మా ఊరు" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఈ సంగతి చాలా మంది తెలుగువాళ్లకు తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్ సుమారు 1,62,000 మందికి ద్వీపాంతరవాస శిక్ష వేసి ఆస్ట్రేలియాకు పంపింది. ఎక్కువ మంది చిన్నా పెద్దా దొంగతనాల వాళ్లు. వాళ్లలో సైనికులు కూడా ఉన్నారు. సైన్యం నుంచి పారిపోయినవాళ్లు, పై అధికారిని కొట్టినవాళ్లు, తిరగబడినవాళ్లు. అందరికీ శిక్ష బ్రిటన్‌లోనే పడలేదు. కెనడాలో, వెస్టిండీస్‌లో, మన దేశపు దండుల్లో (కంటోన్మెంట్లలో) కోర్టు మార్షల్ జరిగి ఇక్కడికి చేరినవాళ్లు ఉన్నారు. 1840లో న్యూ సౌత్ వేల్స్‌కు ఖైదీలను పంపడం ఆపేశాక ఈ దీవికే పంపారు. అప్పట్లో దీని పేరు వాన్ డీమెన్స్ లాండ్. ఆ పేరు వింటేనే జైలు గుర్తొస్తోందని 1856లో టాస్మేనియా అని మార్చుకున్నారు.

పేరు మార్చుకున్నంత తేలిగ్గా ఇళ్లలో బాధ పోలేదు. మా అత్తగారి చిన్నతనంలో ఆ పెద్దాయన గురించి ఎవరైనా అడిగితే "సముద్రం మీద వచ్చాడు" అని ఊరుకునేవారట. ఖైదీ సంతతి అని తెలిస్తే పిల్లల పెళ్లిళ్లకు, ఉద్యోగాలకు అడ్డం వస్తుందని భయం. ఇప్పుడు రోజులు మారాయి. ఆస్ట్రేలియా ఖైదీల రికార్డులను 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. టాస్మేనియా లైబ్రరీ వెబ్‌సైట్‌లో పేరు కొడితే చాలు, ఆ కాగితం ఫొటో ఉచితంగా కళ్ల ముందుకు వస్తుంది. దాచిపెట్టిన తాతలను జనం ఇప్పుడు వెతికి మరీ ఇంటికి తెచ్చుకుంటున్నారు.

మేమూ అలాగే వెతకడం మొదలుపెట్టాం. ఖైదీగా ఆయన జీవితం తొందరగానే దొరికింది. సైనికుడిగా ఆయన జీవితం దొరకలేదు. లండన్ దగ్గర క్యూలో ఉన్న బ్రిటిష్ జాతీయ ఆర్కైవ్స్‌లో సైనికుల కాగితాలు లక్షల్లో ఉన్నాయి. అందరూ ముందు చూసేది పింఛను మీద రిటైరైన వాళ్ల డిశ్చార్జి పత్రాలు. అవి పేరుతో దొరుకుతాయి. కానీ శిక్ష పడినవాడికి పింఛనెక్కడిది? ఆ కట్టల్లో ఆయన లేడు. మస్టర్ రోల్స్, అంటే సైనికుల హాజరు పట్టీలు చూద్దామంటే అవి రెజిమెంటు వారీగా కట్టినవి. మా దగ్గరున్న కాగితంలో సోల్జర్ అని తప్ప రెజిమెంటు పేరు లేదు. ఖైదీల ఓడల జాబితాల్లో చూద్దామంటే అవి బ్రిటన్ నుంచి బయల్దేరిన ఓడలవి. మన దేశం నుంచి వచ్చిన ఖైదీలను పెద్ద ఖైదీల ఓడల్లో తేలేదు. సరుకుల ఓడల్లో, కొద్దిమంది చొప్పున పంపారు. ఇలా మూడేళ్లు పోయాయి.

చివరికి ఇక్కడి కుటుంబ చరిత్ర సంఘంలో ఒక పెద్దావిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఆయన రాణి సైన్యంలో ఉన్నాడా, కంపెనీ సైన్యంలో ఉన్నాడా?" మాకు ఆ తేడానే తెలియదు. మన దేశంలో అప్పుడు తెల్ల సైనికులు రెండు రకాలు. కొంతకాలం పనిచేసి వెళ్లిపోయే రాణి రెజిమెంట్ల వాళ్లు ఒకరు. ఈస్టిండియా కంపెనీ సొంతంగా జీతమిచ్చి పెట్టుకున్న యూరోపియన్ దళాల వాళ్లు ఇంకొకరు. కంపెనీవాళ్ల కాగితాలు క్యూలో కాదు, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉంటాయి. అక్కడ దొరికాడు. ఐర్లండ్ నుంచి వచ్చిన కుర్రాడు, మద్రాసుకు ఓడ ఎక్కిన రంగరూట్ల (కొత్తగా చేరిన సైనికుల) జాబితాలో ఒక్క వరస. మద్రాసు ఫిరంగి దళం. ఆ దళానికి కేంద్రం పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్. అక్కడి నుంచి ముక్కలు ముక్కలుగా సికిందరాబాద్‌కు, ఇతర దండులకు పంపేవారు. పేరు, వయసు, పుట్టిన ఊరు, అన్నీ మా కాగితంతో సరిపోయాయి. ఆ రాత్రి అత్తగారు నిద్రపోలేదు.

నేరం మాత్రం రెండు చోట్లా ఒకే ముక్క. పై అధికారి మీద చెయ్యి చేసుకున్నాడు. ఎందుకు చేసుకున్నాడు?

మంత్రి గారూ, అత్తగారు అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. ఆ రోజుల్లో కంపెనీ దళంలో చేరిన ఐరిష్ కుర్రాళ్లలో చాలా మంది మళ్లీ తమ ఊరి మొహం చూడలేదు. ఎండ, కలరా, సారా, పనీపాటా లేని బారకాసుల్లో నెలల తరబడి కూర్చోవడం. కొందరు ఆస్ట్రేలియాకు పంపిస్తారనే ఆశతోనే కావాలని అధికారిని కొట్టేవారని అప్పటి అధికారులే రాసుకున్నారు. ఇది వింతగా అనిపించొచ్చు. 1826లో సిడ్నీలోనే 57వ రెజిమెంటుకు చెందిన సడ్స్, థాంప్సన్ అనే ఇద్దరు సిపాయిలు, సైన్యం నుంచి బయటపడి ఖైదీలుగా బతకడమే మేలనుకుని, ఒక దుకాణంలో బట్ట దొంగిలించి దొరికిపోయారు. గవర్నరు డార్లింగ్ వాళ్లకు మెడలో ఇనుప కంటె, కాళ్లకు సంకెళ్లు వేయించి రెజిమెంటు ముందు నిలబెట్టాడు. సడ్స్ కొద్ది రోజుల్లోనే చనిపోయాడు. తర్వాత అదే రెజిమెంటు సిడ్నీ నుంచి మద్రాసుకు వచ్చింది. ఖైదీ బతుకే నయమనిపించేంతగా ఆ సిపాయిల బతుకు ఎలా ఉండేదో నేను ఊహించలేను.

మా వాళ్ల పెద్దాయనా అలాగే చేశాడా? లేక ఆ పై అధికారి ఏదైనా అన్నాడా, కొట్టాడా? జవాబు ఉండేది ఒక్కచోటే, కోర్టు మార్షల్ విచారణ కాగితాల్లో. సాక్షులు ఏం చెప్పారో అందులో రాసేవారు. ముద్దాయి తన తరఫున చెప్పుకున్న మాట కూడా రాసేవారు. రాయడం రాని మనిషి గొంతు ఎక్కడైనా మిగిలిందంటే అక్కడే. తీర్పు, దాని మీద సేనాధిపతి రాసిన మాటలు మద్రాసు సైన్యపు జనరల్ ఆర్డర్లలో వేసి ప్రతి దళం ముందూ చదివి వినిపించేవారు.

మద్రాసు ప్రభుత్వ మిలిటరీ డిపార్ట్‌మెంటు సంపుటాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో 1752 నుంచి ఉన్నాయి. కంపెనీ కాలపు కాగితాలను ఇన్ని తరాలు కాపాడిన ఆ సంస్థకు మేం రుణపడి ఉన్నాం. లండన్‌కు వెళ్లినవి నకళ్లు. అందులోనూ 1858లో కంపెనీ పాలన పోయాక, పనికిరావని అక్కడ తీసిపారేసినవి చాలా ఉన్నాయి. మిగిలిన వాటి మీదా పూర్తిగా ఆధారపడలేం. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగినప్పుడు నెలల తరబడి వాళ్ల ఆన్‌లైన్ కేటలాగ్ కూడా పనిచేయలేదు. ఒక కాగితానికి ఒకే తలుపు ఉంటే ఇదే ఇబ్బంది.

సెలవుల్లో వచ్చినప్పుడు నేను మన దేశంలో రెండు ఊళ్లలో పాత రికార్డుల కార్యాలయాలకు తిరిగాను. ఏ కార్యాలయమో రాయను, అక్కడి ఉద్యోగుల తప్పు లేదు. ఒకచోట నా పాస్‌పోర్టు విదేశానిదని ఇంకో లెటర్ తెమ్మన్నారు. అది వచ్చేలోగా నా సెలవు అయిపోయింది. ఇంకోచోట అటెండరు పాపం నిజంగా సాయం చెయ్యాలనుకున్నాడు. నిచ్చెన ఎక్కి కట్ట దించాడు. విప్పగానే కాగితం అంచు అప్పడంలా విరిగింది. ఆయన మొహం మాడిపోయింది. "ఇది ఇవ్వలేనమ్మా, నా చేతుల్లోనే పోయేట్టుంది" అని జాగ్రత్తగా మళ్లీ కట్టేశాడు. అందులో మా పెద్దాయన ఉన్నాడో లేదో తెలియదు. పేర్ల సూచిక లేదు కాబట్టి తెలుసుకునే దారీ లేదు.

ఇలాంటి పని ఇంతకుముందు జరగలేదా అంటే, చాలా గొప్పగా జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మూడేళ్లకే, 1948లో, ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం, సిడ్నీలోని మిచెల్ లైబ్రరీ కలిసి లండన్‌లో ఒక ఉమ్మడి నకళ్ల పథకం మొదలుపెట్టాయి. తమ దేశ చరిత్రకు సంబంధించిన కాగితాలను అక్కడే మైక్రోఫిల్ము తీయించాయి. 1993 దాకా, నలభై అయిదేళ్లు, ఆ పని నడిచింది. పది వేలకు పైగా రీళ్లయ్యాయి. ఇప్పుడు అవన్నీ ట్రోవ్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఆ కెమెరాలు బ్రిటన్, ఐర్లండ్ తిరిగాయి. ఎగ్మూరుకు రాలేదు.

నా విన్నపం అదే. మద్రాసు ప్రెసిడెన్సీలో కోర్టు మార్షల్ జరిగి ద్వీపాంతరవాసం పడినవాళ్ల కాగితాల వరకైనా భారత్, ఆస్ట్రేలియా కలిసి అలాంటి ఉమ్మడి పథకం ఒకటి పెట్టించండి. ఎగ్మూరు ఆర్కైవ్స్ రాష్ట్ర ప్రభుత్వానిదని, మీ ఆజ్ఞతో నడవదని నాకు తెలుసు. కానీ మీ శాఖ కింద ఉన్న జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) అభిలేఖ్ పటల్ అనే పోర్టల్ నడుపుతోంది. ఢిల్లీలోని కాగితాలు ఎన్నో నేను హోబర్ట్ నుంచే అందులో చూశాను. రాష్ట్రాల ఆర్కైవ్స్‌కు ఆర్థిక సాయం చేసే పథకం కూడా ఆ సంస్థకు ఉంది. తమిళనాడు ప్రభుత్వంతో, ఇక్కడి జాతీయ గ్రంథాలయంతో ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగింది మీరే. అన్నీ ఒకేసారి స్కాన్ చేయమని అడగడం లేదు. ముందు పేర్ల సూచిక. పేరు, దళం, విచారణ జరిగిన దండు, ఏ సంపుటం, ఎన్నో పుట. ఈ అయిదు ముక్కలు చాలు. టాస్మేనియాలో సూచికలు తయారు చేసినవాళ్లలో జీతం తీసుకోని రిటైరైన టీచర్లు, గృహిణులు ఉన్నారు. మమ్మల్ని పిలిస్తే మేమూ వస్తాం. ఆ పాత చేతిరాత చదవడం నాకు ఇప్పుడు బాగానే వచ్చు.

తెల్ల సిపాయి గురించి ఇంత ఖర్చెందుకని ఎవరైనా అంటారేమో. అదే సంపుటాల్లో మన సిపాయిలూ ఉన్నారు. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు వేలల్లో పనిచేశారు. పెనాంగ్‌కు, మలక్కాకు, సింగపూర్‌కు, 1858 తర్వాత అండమాన్‌కు ద్వీపాంతరం వెళ్లిన తెలుగువాళ్ల పేర్లు కూడా ఆ మద్రాసు కాగితాల్లోనే ఉండాలి. తెల్ల ఖైదీకి ఇక్కడ ఎత్తు, కళ్ల రంగు దాకా రాసిపెట్టారు. మన గంజాం, విశాఖ, కడప నుంచి ఓడ ఎక్కించిన మనిషి ఊరివాళ్లకు "ద్వీపాంతరం పోయాడు" అనే మాట ఒక్కటే మిగిలింది. మా నాన్నగారి ఊళ్లోనూ అలాంటి ఇల్లొకటి ఉంది. వాళ్లెవరూ ఎక్కడా అర్జీ పెట్టుకోలేదు, పెట్టుకోవచ్చని వాళ్లకు తెలియదు. సూచిక తయారైతే అది వాళ్లది కూడా.

శిక్ష పడి వచ్చాక మా పెద్దాయన ఇక్కడ కొన్నాళ్లు రోడ్లు వేసే ఖైదీల గుంపులో ఉన్నాడు. తర్వాత పెళ్లి చేసుకున్నాడు, ఆపిల్ తోటల్లో పనిచేశాడు. ఆయన పిల్లలెవరికీ ఆయన ఇండియా సంగతి చెప్పలేదు. రెండేళ్ల కిందట అత్తగారిని సికిందరాబాద్ తీసుకొచ్చాను. పరేడ్ గ్రౌండ్ కంచె పట్టుకుని నిలబడ్డారు. 1813లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చిలో, ఆయన ఎప్పుడైనా కూర్చున్నాడేమోనని వెనక బల్ల మీద కాసేపు కూర్చున్నారు. మా అమ్మ ఆవిడకు బొట్టు పెట్టి చీర ఇచ్చింది. ఇంటికొచ్చాక ఆవిడ నన్నడిగారు, "వాళ్లు అతన్ని నువ్వేమైనా చెప్పుకుంటావా అని అడిగి ఉంటారు కదా, అప్పుడు ఏం చెప్పాడో ఎక్కడ రాసి ఉంటుంది?" అని.

ఏ సంపుటమో, ఎన్నో పుటో చెప్పించండి చాలు. టికెట్ కొనుక్కుని మేమే వస్తాం.

ఇట్లు,
లష్కర్ ఆడపడుచు,
హోబర్ట్, టాస్మేనియా