ఫౌంటెన్ గడ్డిలో ఏ జాతి?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో అలంకార గడ్డి మొక్కలపై వచ్చిన వ్యాసం పెరటి తోటల వారికి పనికివచ్చేదే గాని, పెన్నిసెటమ్ ప్రజాతి మొక్కలన్నింటినీ ‘ఫౌంటెన్ గ్రాస్’ అనే ఒకే పేరు కింద చేర్చి, నీటి ఎద్దడికి తట్టుకుంటాయి కనుక ఎక్కడైనా నాటుకోవచ్చునని చెప్పడం మాత్రం సరికాదు.

ఈ ప్రజాతి మనకు కొత్తదేమీ కాదు. మెట్ట చేలలో పండే సజ్జ, పాడి రైతులు కణుపు ముక్కలు నాటి పెంచే నేపియర్ గడ్డి ఇందులోనివే. (2010లో వృక్షశాస్త్రవేత్తలు పెన్నిసెటమ్‌ను సెంక్రస్ అనే మరో ప్రజాతిలో కలిపినా, నర్సరీల్లో పాత పేరే నడుస్తోంది.) అలంకారానికి పెంచే జాతుల్లో ఆలోపెక్యురాయిడిస్ అనేది తూర్పు ఆసియా, ఆస్ట్రేలియాలకు చెందినది కాగా, తెల్లని కుచ్చుల విల్లోసమ్ ఈశాన్య ఆఫ్రికాది.

చిక్కంతా సెటేసియమ్ అనే జాతితోనే. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి అంచుల్లో పుట్టిన ఈ ఆకుపచ్చ గడ్డి పరాగసంపర్కం అవసరం లేకుండానే విత్తనం కడుతుంది. నూగుతో కూడిన ఆ విత్తనాలు గాలికి ఎగిరి, పశువులకూ వాహనాలకూ అంటుకుని దూరాలకు చేరతాయి. అందానికని తెచ్చుకున్న హవాయి దీవుల్లో అది లావా బీళ్లను కమ్మేసింది. ఎండిన దుబ్బులు మంటలకు మేతగా మారి, స్థానిక చెట్లు కాలిపోయాక, అదే గడ్డి మొదళ్ల నుంచి మళ్లీ చిగురించి వాటి చోటును కూడా ఆక్రమించింది. ఐరోపా సమాఖ్య 2017లో దీన్ని దురాక్రమణ జాతుల జాబితాలో చేర్చి, అమ్మకాన్నీ పెంపకాన్నీ నిషేధించింది. ఏటా వేసవిలో నిప్పు రాజుకునే శేషాచలం వంటి కొండల చుట్టుపక్కల ఇలాంటి గడ్డిని చేతులారా నాటుకోవడం నాకు వివేకంగా తోచదు.

నర్సరీల్లో తరచుగా కనిపించే ఊదా ఆకుల ‘రూబ్రమ్’ సంగతి వేరు. అది సంకరం, దాదాపు గింజ కట్టదు కనుక దుబ్బు విడదీసి, పిలకలు నాటి పెంచాల్సిందే. నేపియర్‌ను సజ్జతో కలిపిన సంకర పశుగ్రాసం కూడా ఇలాగే గింజతో గాక కణుపులతోనే పెరుగుతుంది. రంగు కోరుకునేవారికి రూబ్రమ్ చాలు.

కడియం మొదలుకొని చిన్న ఊళ్ల నర్సరీల దాకా కుండీలపై జాతి పేరును తెలుగులో రాయించేలా ఉద్యాన శాఖ చొరవ చూపాలని, ఆ వ్యాసానికి సవరణగా మీరూ ఈ తేడాను ప్రచురించాలని కోరుతున్నాను. ఆకుపచ్చ సెటేసియమ్‌ను ఇప్పటికే నాటినవారు కంకులు ముదరకముందే కోసి, దుబ్బును వేళ్లతో సహా తవ్వి తీసేయడం మేలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం