హాస్య నవలకు మంచి ముగింపు తగదా?

సంపాదకులకు నమస్కారం.

హాస్య నవల చివర లోపాలున్న మనుషులకు మేలు జరిగినట్టు చూపడమంటే పాఠకుణ్ణి బుజ్జగించడమేనని గత ఆదివారం మీ సాహిత్య పుటలో ఒక వ్యాసకర్త రాశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను.

చార్లెస్ డికెన్స్ 1836-37లో నెలనెలా భాగాలుగా వెలువరించిన ‘పిక్విక్ పేపర్స్’నే చూడండి. అందులో జింగిల్ తునకలు తునకలుగా మాట్లాడే మాటల పోగు, డబ్బున్న ఆడవాళ్లకు వల వేసే మోసగాడు. అతని చేతిలో మోసపోయిన కథానాయకుడు పిక్విక్‌కూ లోపాలు లేకపోలేదు. ఎవరేం చెప్పినా నమ్ముతాడు, పట్టు పడితే విడవడు. పెళ్లి మాట తప్పాడంటూ ఇంటి యజమానురాలు వేసిన దావాలో కోర్టు విధించిన 750 పౌన్లు కట్టనని మొండికేసి, బాకీదారులను పెట్టే లండన్‌లోని ఫ్లీట్ జైలుకు పోతాడు. అక్కడ బీద ఖైదీల గదిలో, ఒంటిమీద కోటైనా లేకుండా, జింగిల్ కనిపిస్తాడు. బూట్లు అమ్ముకుని పదిహేను రోజులు, దంతపు పిడి గొడుగుతో ఒక వారం కడుపు నింపుకున్నానని ఆ తునకల మాటల్లోనే చెబుతాడు. ఇంతలో అతని నౌకరు జాబ్, చిన్న పచ్చి మాంసం ముక్క పట్టుకుని వస్తాడు. పిక్విక్ ‘ఇది తీసుకో’ అని గద్దించినప్పుడు దెబ్బ పడుతుందనే అనుకుంటాం. తీరా జాబ్ చేతిలో నాణేలు గలగలమంటాయి. ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడ గొంతు పూడుకుపోతుంది.

ఆ దయ ఎక్కణ్ణుంచో ఊడిపడింది కాదు. ఇన్నాళ్లూ పిక్విక్‌ను నవ్వులపాలు చేసిన మెత్తని మనసే ఇక్కడ అక్కరకొచ్చింది. దావా వేసిన ఆవిడనే, దావా ఖర్చుల బాకీ కోసం, ఆమె వకీళ్లు అదే జైలుకు పంపినప్పుడు అతని మొండితనమూ కరుగుతుంది. జింగిల్‌ను కూడా రచయిత మహాత్ముణ్ణి చేయలేదు. పిక్విక్ అతని బాకీలు తీర్చి వెస్టిండీస్‌వైపు పంపిస్తే కాలక్రమంలో బాగుపడ్డాడనీ, పాత ఆశలు లాగే చోట్లకు మాత్రం మళ్లీ రానన్నాడనీ రాశాడు. తన బలహీనత తెలిసిన మనిషి నిర్ణయం అది.

మన మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ నవలలోని (మొదటి భాగం 1924) పార్వతీశం మాత్రం? దొరసానుల టోపీ కొనుక్కుని నలుగురిలో నవ్వులపాలైన ఆ మొగల్తూరు కుర్రవాడు, మూడో భాగానికి స్వాతంత్ర్యోద్యమంలో నిలబడితే మనకు అది అతికించినట్టు అనిపించదు, ఎందుకంటే తెలియని దారిన ముందూ వెనకా చూడకుండా బయలుదేరడం అతనికి మొదటి పుట నుంచీ ఉన్న గుణమే.

వ్యాసకర్త గారు ఫ్లీట్ జైలు అధ్యాయం మరొకసారి చదివి, పాఠకుణ్ణి బుజ్జగించిన వాక్యం అందులో ఏదో చూపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం