శిక్ష చాలదని అడిగే హక్కు బాధితులకేదీ?

సంపాదక మహాశయా,

ఒకే తరహా రోడ్డు ప్రమాదానికి ఒక కోర్టు ఏడాది జైలు, మరో కోర్టు నెల రోజులు వేస్తే జనం ముక్కున వేలేసుకుంటారు. నేను మాత్రం న్యాయమూర్తి విచక్షణను తప్పుపట్టను. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఐదేళ్ల వరకు జైలు అంటుందే తప్ప కనిష్ఠం చెప్పదు. తాగి నడిపినవాడినీ, క్షణకాలం ఏమరుపాటు పడినవాడినీ ఒకే గాటన కట్టలేం కదా. ఆ విచక్షణ దారి తప్పినప్పుడు సరిదిద్దమని ఎవరు అడగగలరన్నదే నా ప్రశ్న.

కోర్టు ఉద్యోగిగా ఈ తంతు ఎన్నోసార్లు చూశాను. నేరం రుజువైందని చెప్పాక, శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని న్యాయమూర్తి ముద్దాయిని అడుగుతారు. "ముసలి తల్లిదండ్రులున్నారు, చిన్న పిల్లలున్నారు, ఇంటికి నేనే ఆధారం, కనికరించండి" అంటాడు. అది రికార్డుకెక్కుతుంది. అడగాల్సిందే, వినాల్సిందే. వెనక బెంచీ మీద చనిపోయినవాడి భార్య కూర్చుని ఉంటుంది. ఆమెకూ చిన్న పిల్లలే. ఆమెనెవరూ ఏమీ అడగరు. ప్రాసిక్యూటర్ "చట్టప్రకారం శిక్షించాలి" అని ఒక్క ముక్క చెప్పి కూర్చుంటారు.

శిక్ష ఎక్కువనిపిస్తే ముద్దాయి అప్పీలుకు వెళతాడు. తక్కువైతే, నేర విచారణ విధానం చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 418వ సెక్షన్ కింద ప్రభుత్వమే వెళ్లాలి. 2009లో బాధితులకు దక్కిన అప్పీలు హక్కు, ఇప్పటి 413వ సెక్షన్, మూడు సందర్భాలకే పరిమితం: ముద్దాయిని వదిలేస్తే, చిన్న నేరం కింద దోషిగా తేలిస్తే, పరిహారం చాలకపోతే. పరిహారం చాలదనవచ్చు గానీ శిక్ష చాలదనకూడదట! 2020లో ఒక ఢిల్లీ కేసులో సుప్రీంకోర్టు ఇదే ఖరారు చేసింది. రివిజన్ ఉందిగా, కింది కోర్టు తీర్పును సరిచూడమని పై కోర్టును కోరవచ్చుగా అంటారు వకీలు మిత్రులు. అది హక్కు కాదు, జోక్యం చేసుకోవడమూ హైకోర్టు విచక్షణే.

ప్రభుత్వం కదిలితే ఏమవుతుందో పంజాబ్‌లో ఇద్దరు చనిపోయిన ప్రమాదం కేసులో చూశాం. కింది కోర్టు ఏడాది జైలు వేస్తే, దోషి అప్పటికే గడిపిన 24 రోజులు చాలంది హైకోర్టు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కాక, 2015లో అది ఆరు నెలలైంది. మాజీ క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ కేసులో, ఒకరు చనిపోయిన 1988 నాటి రోడ్డు గొడవకు 2018లో వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టిన సుప్రీంకోర్టే, మృతుడి కుటుంబం తీర్పును పునఃపరిశీలించమని (రివ్యూ) కోరాక 2022లో ఏడాది కఠిన కారాగారం విధించింది. అంతకాలం పోరాడగల కుటుంబాలెన్ని?

కక్షతో అప్పీళ్లు వెల్లువెత్తుతాయని కొందరి భయం. శిక్ష పెంచాలో వద్దో తేల్చేది పై కోర్టే కదా. అక్కడ ముద్దాయి తాను నిర్దోషినని కూడా వాదించుకోవచ్చు, 418లోనే ఆ వీలుంది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన ఈ నాగరిక్ సురక్షా సంహితలో పాత చట్టంలోని నిబంధననే మళ్లీ రాసేశారు. మన ఎంపీలు 413కు సవరణ అడగాలి. ఈలోగా రెండు తెలుగు రాష్ట్రాల ప్రాసిక్యూషన్ శాఖలు, శిక్ష చాలదని బాధిత కుటుంబం అర్జీ పెడితే అప్పీలు చేస్తున్నదీ లేనిదీ కారణంతో సహా రాతపూర్వకంగా చెప్పాలి.

– విశ్రాంత కోర్టు ఉద్యోగి, ఒంగోలు