ఒప్పుకోలు లేని ఆరాధన

సంపాదకులకు నమస్కారములు.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాల కూడికల్లో ఆశీర్వాదాల గురించి చెప్పినంతగా పాపపు ఒప్పుకోలు గురించి చెప్పకపోవడం విచారకరం. బైబిల్లోని లూకా సువార్త 18వ అధ్యాయంలో దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్న సుంకరి (పన్ను వసూలు చేసేవాడు), కరుణించమని వేడుకోవడం తప్ప తన గొప్ప ఏదీ చెప్పుకోలేదు. వారానికి రెండుసార్లు ఉపవాసముండే, ధర్మశాస్త్ర నిష్ఠాపరుడైన పరిసయ్యుడు కాక అతడే నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడు. జమ్మలమడుగులో వేరుశనగ కొనే నేను, తక్కెడలో తూకపు రాళ్లుంచే పళ్లెం అడుగున చింతపండు ముద్ద అంటించి రైతులను మోసగించిన రోజుల్లోనూ ఆరాధన మానలేదు (పాటలు గట్టిగానే పాడేవాడిని). ఆ ముద్ద సంగతి ముందు సంఘకాపరికి, తర్వాత రైతులకు చెప్పిన రోజునే నా విశ్వాసానికి మొదటి రోజుగా లెక్కపెట్టుకుంటున్నాను. అదే సువార్తలో సుంకరుల పెద్ద జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. నేనింకా రైతులకు అసలు మొత్తమే తీరుస్తున్నాను.

– ఒక పాఠకుడు, జమ్మలమడుగు, కడప జిల్లా