గజ్జెల చప్పుడు తుడిచేశాం, మళ్లీ తెస్తున్నాం: గద్దరన్న క్యాసెట్లు ఇచ్చినవారికి

గద్దరన్న క్యాసెట్లు మా దగ్గర ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ నమస్కారం. పాత క్యాసెట్లను కంప్యూటర్ ఫైళ్లుగా మార్చి ఇవ్వడం మా పని. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూసినప్పటి నుంచి, ఏటా వర్ధంతి దగ్గర పడుతున్నకొద్దీ అటకల మీది నుంచి, ట్రంకుపెట్టెల్లోంచి ఆయన పాటల క్యాసెట్లు బయటికొస్తున్నాయి. ఈసారి మా దగ్గర 140 ఉన్నాయి. ఆగస్టు 6 లోపు అన్నీ ఇవ్వలేం. అంతకన్నా ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది: నిరుడు మీకిచ్చిన ఫైళ్లలో కొన్నింటిని మేమే పాడుచేశాం.

ఏ క్యాసెట్‌లోనైనా పాట వెనక సన్నటి హోరు ఉంటుంది. దాన్ని తీసే సాఫ్ట్‌వేర్ ముందు ఉత్త హోరు మాత్రమే ఉన్న రెండు సెకన్ల ముక్కను నమూనాగా తీసుకుంటుంది. తర్వాత మొత్తం రికార్డింగులో అలాంటి శబ్దం ఎక్కడున్నా తగ్గిస్తుంది. ఒక్క మనిషి నిలబడి మాట్లాడే ఉపన్యాసానికి ఇది బాగానే పనికొస్తుంది. గద్దరన్న పాటకు పనికిరాదు. ఆయన కాలి గజ్జెల శబ్దం చాలావరకు 4,000 హెర్ట్‌జ్ పైన ఉంటుంది. హోరు కొట్టొచ్చినట్టు వినిపించేదీ అక్కడే. సాఫ్ట్‌వేర్‌కు రెండూ ఒకటే కాబట్టి రెంటినీ కలిపి తుడిచేసింది. డప్పు మీద పుల్ల పడిన దెబ్బ మిగిలింది, దాని వెనకొచ్చే మోత పోయింది. కోరస్‌లో వెనక వరసన ఉన్నవాళ్ల గొంతులు నీళ్లలో మునిగి పాడినట్టు అయ్యాయి.

పైపైన వింటే ఆ ఫైళ్లు 'శుభ్రంగా' ఉన్నాయనిపిస్తుంది. అందుకే మాకూ వెంటనే తెలియలేదు. కానీ గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, గజ్జె కట్టి ఆడుతూ పాడిన మనిషి పాటలో అడుగు చప్పుడే సగం తాళం. చాలాచోట్ల ఆయన పాట ఆపి మాట అందుకుంటారు, డప్పు ఆగుతుంది, గజ్జె మాత్రం నడుస్తూనే ఉంటుంది. దాన్ని తీసేస్తే ఆ మాటలు కుర్చీలో కూర్చుని చెప్పినట్టు వినిపిస్తాయి. అది ఆయన పాట కాదు.

అలా దెబ్బతిన్నవి 23 క్యాసెట్ల ఫైళ్లు. వాటిలో 17కు మొదట ఎక్కించిన ముట్టుకోని ఫైళ్లు మా దగ్గర భద్రంగా ఉన్నాయి, వాటి నుంచే మళ్లీ చేసి పంపుతున్నాం. మిగతా 6కు అసలు ఫైలు ఉంచుకోలేదు. అది పూర్తిగా మా తప్పే. ఆ ఆరు క్యాసెట్లూ మళ్లీ తెప్పించుకోవాలి. రానుపోను కొరియర్ ఖర్చు మాదే, పనికి రూపాయి కూడా తీసుకోం.

ఇకమీదట ప్రతి క్యాసెట్‌కూ రెండు ఫైళ్లు ఇస్తాం. ఒకటి టేపు మీద ఉన్నది ఉన్నట్టు, 24 బిట్, 96 కిలోహెర్ట్‌జ్ వేవ్ ఫైలు. స్టీరియోలో గంట క్యాసెట్ దాదాపు 2 జీబీ అవుతుంది, కాబట్టి పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. రెండోది ఫోనులో వినడానికి ఎంపీ3. ఇందులో 40 హెర్ట్‌జ్ కింది గుడగుడ తీస్తాం, శబ్దం పెంచుతాం. అంతకుమించి ఏమీ చేయం. హోరు ఉంటుంది. దాన్ని ఉండనివ్వమని కోరుతున్నాం. వాట్సాప్‌లో పంపుకునేటప్పుడు ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి.

ఆలస్యం సంగతికొస్తే, క్యాసెట్‌ను వేగంగా ఎక్కించే దగ్గరిదారి మేం వాడం. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, తొంభై నిమిషాలదానికి గంటన్నర. టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డు ముందు నుంచి అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున పోవాల్సిందే. ప్రతి క్యాసెట్‌కూ ముందు అరగంట తయారీ ఉంటుంది. రెండు డెక్కుల (క్యాసెట్ ప్లేయర్ల) మీద రోజుకు ఎనిమిది అవుతాయి. బాగున్న 109 క్యాసెట్లు ఆగస్టు 6 లోపు అందుతాయి. బూజు పట్టినవి, తెగినవి, డబ్బా విరిగినవి కలిపి 31 ఉన్నాయి. ఒక్కోదానికి పూట పైనే పడుతుంది. అవి ఆ తర్వాతే.

తయారీలో ఎక్కువ సమయం తినేది హెడ్డు కోణం. అప్పట్లో సభల్లో రికార్డు చేసిన టేపురికార్డర్లలో చాలావాటికి హెడ్డు కొంచెం ఒరిగి ఉండేది. ఆ ఒరుగుతోనే పాట టేపు మీద పడింది. ఇప్పుడు నిటారుగా ఉన్న హెడ్డుతో వింటే గొంతు బాగానే ఉంటుంది కానీ గజ్జెలు, డప్పు పుల్ల చురుకు మొద్దుబారిపోతాయి. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ, రెండు చానళ్లను కలిపి వింటూ, గజ్జె ఎక్కడ గణగణమంటుందో అక్కడ ఆపాలి. గద్దరన్న క్యాసెట్లకు మాకు గజ్జెలే కొలత. రెండో వైపు వేసినప్పుడు మళ్లీ మొదటి నుంచి సరిచూడాలి.

తర్వాతి సమస్య వేగం. సెల్లులతో నడిచిన రికార్డర్‌లో సెల్లులు అయిపోతుంటే మోటారు నెమ్మదిస్తుంది. అప్పుడు రికార్డయిన భాగాన్ని ఇప్పుడు మామూలు వేగంతో వేస్తే గొంతు సన్నబడి, పాట పరుగెడుతుంది. మీలో కొందరు 'ఇది ఆయన గొంతు కాదేమో' అని అనుమానపడింది ఇందుకే. సభలో మైకుసెట్టు నుంచి కరెంటు హమ్, అంటే గుయ్‌మనే శబ్దం, టేపు మీదికి ఎక్కి ఉంటే మాకు ఆధారం దొరుకుతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్, కంప్యూటర్ గ్రాఫ్‌లో దాని రెట్టింపు 100 దగ్గర గీత కనిపించాలి. అది 106 దగ్గర కనిపిస్తే టేపు ఆరు శాతం వేగంగా పోతున్నట్టు, అంటే శ్రుతి అర్ధస్వరం పైకి వెళ్లినట్టు. హమ్ లేని క్యాసెట్లలో వేగం మేం ముట్టుకోం, అంచనాతో ఆయన శ్రుతి మార్చే అధికారం మాకు లేదు.

సరిచేయలేనివీ ఉన్నాయి. లోపలే మైకున్న చిన్న రికార్డర్లు శబ్దాన్ని వాటంతటవే ఎక్కించి దించుకునేవి. డప్పు గట్టిగా పడగానే మొత్తం దిగి, మెల్లగా మళ్లీ లేస్తుంది. అందుకే దెబ్బ తర్వాతి మాట మింగేసినట్టు ఉంటుంది. అది రికార్డయినప్పుడే జరిగిన నష్టం. ఇంకొకటి, పాట మొదలయ్యే ఒకటిన్నర నుంచి మూడు సెకన్ల ముందే అదే గొంతు దూరం నుంచి లీలగా వినపడుతుంది. దయ్యం అనుకోకండి. ఏళ్ల తరబడి చుట్టి ఉన్న టేపులో ఒక పొర అయస్కాంత ముద్ర పక్క పొర మీద పడుతుంది. చుట్ట లోపలి భాగంలో ఎడం తక్కువ, బయటి చుట్టల్లో ఎక్కువ. పలకడానికి ముందే ఆయన గొంతు నీడలా వినిపించే ఆ చోట్లను కూడా కోయం.

ఇంట్లో మీరు చేయకూడనివి కొన్ని. కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్‌ను ప్లేయర్‌లో వేయొద్దు. రీలు అతుక్కుని తెగుతుంది, హెడ్డుకంటిన బూజు తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కూ అంటుతుంది. ఎండలో పెట్టొద్దు, డబ్బా వంకరపోతుంది. గాలి ఆడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో మూసి అలాగే తీసుకురండి. రీలు తెగితే మామూలు ప్లాస్టిక్ టేపుతో అతికించొద్దు. దాని జిగురు ఊరి పక్క పొరకు అంటుకుంటుంది. మేం జిగురు ఊరని, 3.81 మిల్లీమీటర్ల వెడల్పు స్ప్లైసింగ్ టేపు వాడతాం. క్యాసెట్ లోపల టేపును హెడ్డుకు ఒత్తిపెట్టే చిన్న స్పాంజి ముక్క రాలిపోతే శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. దాని చోట దూది పెట్టి తెచ్చారు ఒకరిద్దరు. దూది పోగులు రీలుకు చుట్టుకుంటాయి, ఖాళీగానే తెండి. 120 నిమిషాల క్యాసెట్ టేపు మందం 9 మైక్రాన్లే, గంటదానిలో సగం. దాన్ని పెన్సిల్‌తో కూడా గట్టిగా తిప్పొద్దు. అన్నిటికన్నా ముందు, క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా అప్పుడు పాట చెరిగిపోదు.

పాటలను వేరువేరు ఫైళ్లుగా కోసి ఇవ్వమని చాలామంది అడుగుతున్నారు. అమ్మకానికొచ్చిన ఆల్బమ్ క్యాసెట్లయితే కోస్తాం. సభ రికార్డింగులు కోయం. నిశ్శబ్దం చూసి కోసే సాఫ్ట్‌వేర్, ఆయన ఒక చరణం ఆపి కథ చెప్పి మళ్లీ అదే పాటలోకి వచ్చేచోట పాట అయిపోయిందనుకుని తెగ్గొడుతుంది. ఒకే పాటను ఒక ఊళ్లో పాడినట్టు ఇంకో ఊళ్లో పాడలేదు. మధ్య మాటల్లో ఆ ఊరి పేరు, ఆ ఊరి కరువు, అప్పటి ఘటన వచ్చి చేరేవి. మీ క్యాసెట్ విలువ అక్కడే ఉంది. ఫైలు మొదట్లో వచ్చే మైకు టెస్టింగు, వేదిక మీది ప్రకటనలు, పిల్లల కోసం పిలుపులు కూడా ఉంచుతున్నాం. ఏ ఊరో, ఏ ఏడో పట్టిచ్చేవి అవే.

ఏడాది విషయంలో అట్ట మీది రాతను మేం అలాగే నమ్మడం లేదు. 1985 నుంచి 1990 ఫిబ్రవరి దాకా ఆయన అజ్ఞాతంలో ఉన్నారు. '1987 బహిరంగ సభ' అని రాసి ఉంటే ఆ ఏడాది మళ్లీ చూసుకోవాలి. మాటల మధ్యలో ఒంట్లో మిగిలిపోయిన తూటా ప్రస్తావన వస్తే ఆ రికార్డింగు 1997 ఏప్రిల్ 6 నాటి కాల్పుల తర్వాతిది. రచయిత పేరుతో మరీ జాగ్రత్త. గూడ అంజయ్య, వంగపండు ప్రసాదరావు రాసిన పాటలను కూడా ఉద్యమ వేదికల మీద ఎందరో పాడారు. కాబట్టి ఫైలు పేరులో 'పాడినవారు' అని మాత్రమే రాస్తున్నాం. రచయిత ఎవరో మీకు ఖాయంగా తెలిస్తే చీటీ మీద రాసివ్వండి. రికార్డు చేసిందెవరో, ఏ ఊళ్లోనో కూడా రాయండి, అదీ ఫైలుతో పాటే ఉంటుంది.

ఈ ఫైళ్లు మీవే. మేం ఎక్కడా పెట్టం, ఒకరివి ఇంకొకరికి ఇవ్వం. యూట్యూబ్‌లో పెట్టదలిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. మన చట్టం ప్రకారం పాట రాసినవారి హక్కు వారు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లుంటుంది, ఆయన రాసినవాటికి 2083 చివరిదాకా అన్నమాట. వారసుల అనుమతి అడగండి. అమ్మకానికొచ్చిన క్యాసెట్లకు కంపెనీ హక్కు విడిగా ఉంటుంది.

ఫైలు చేతికొచ్చిందని క్యాసెట్ పారేయకండి. ఒక వైపు చివరిదాకా చుట్టి, నిలువుగా, స్పీకర్లకూ టీవీకీ దూరంగా, బీరువాలో నేల అరకు పైన పెట్టండి. గంట క్యాసెట్‌కు 250, తొంభై నిమిషాలదానికి 350 రూపాయల పాత ధరలే ఉన్నాయి. బూజు శుభ్రం చేయడానికి, డబ్బా మార్చడానికి వంద అదనం. నిరుడు పాడైన ఫైళ్లలో, అసలు ఫైలు మా దగ్గర లేని ఆ ఆరు క్యాసెట్లవారికీ సోమవారం నుంచి మేమే ఫోన్ చేస్తున్నాం. మిగతా 17 క్యాసెట్లకు కొత్త ఫైళ్లు శనివారానికి సిద్ధమవుతాయి. పాతవి చెరిపేసి వీటినే దాచుకోండి.